పగటి వెలుగులో చూడాల్సిన ఎరుపు

రోజూ పొద్దున లేచి ముఖం మీద నీళ్ళు చల్లుకోకముందే ఆమె చేసే పని ఒకటుంది. అద్దం ముందు నిలబడి, చూపుడువేలితో కింది కనురెప్పను కిందికి లాగి, లోపలి ఎరుపు చూసుకునేది. ఊరికే చూడటం కాదు. పిన్నీసుకు గుచ్చిన ఐదు నూలు పోగుల కుచ్చును కంటి పక్కన పెట్టి మరీ చూసుకునేది. మొదటి పోగు పాలిపోయిన గులాబీ, చివరిది పండిన దానిమ్మ గింజ. కన్ను ఏ పోగుకు సరిపోయిందో చూసి, "దేవుడా, ఈ పూట కూడా నాలుగో పోగు దగ్గరే ఉంచావు" అని చేతులు జోడించుకుని, ఆ తర్వాతే ఇంటి పనిలో పడేది.

ఆ అలవాటు కడుపుతో ఉన్నప్పుడు పడింది. "కన్ను లోపల ఎర్రగా ఉండాలమ్మా, పాలిపోతే వెంటనే రండి" అంది ఆసుపత్రి నర్సు. "ఎరుపంటే ఏ ఎరుపు సిస్టర్?" అని ఈమె అడిగింది. నర్సు నవ్వింది. ఆ నవ్వుకు ఈమె ఏమీ అనుకోలేదు. ఎరుపు ఒక్కటే అనుకునేవాళ్ళను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది.

ఆమె పని నూలుకు రంగు వేసే షెడ్డులో. మగవాళ్ళు తొట్లలో నూలు చిలపలు ముంచి, పిండి, ఆరేస్తారు. ఆరిన చిలపను చేతిలోకి తీసుకుని, బేరగాళ్ళు పంపిన నమూనాకు షేడ్ సరిపోయిందో లేదో చెప్పడం ఆమె వంతు. "ఇందులో పసుపు ఒక పిసరు ఎక్కువైంది, మళ్ళీ ముంచండి" అందంటే, తొట్టి దగ్గర నడుములు పడిపోయేలా నిలబడ్డవాళ్ళు కూడా మారుమాట్లాడకుండా మళ్ళీ ముంచేవాళ్ళు. షెడ్డులో ఆమెను అందరూ షేడమ్మ అనేవాళ్ళు. ముసలి మేస్త్రి అయితే, "షేడమ్మ సరేనంటే సూర్యుడు కూడా రంగు మార్చుకోడు" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

ఆ షెడ్డులో రెండు కట్టుబాట్లు ఉండేవి. దీపం కింద షేడ్ చూడకూడదు, ఎంత తొందరైనా చిలపను గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడాలి. ఇక రెండోది, ఒకరు సరేనన్న చిలపను పక్కవాళ్ళు కూడా చూడాలి. ఒకే రంగు చూసి చూసి కన్ను మొద్దుబారుతుందని, అలా మొద్దుబారిన సంగతి ఆ కంటికే తెలియదని మేస్త్రి అనేవాడు. ఈ రెండు మాటలూ ఆమెకు నోటికి వచ్చు. పనిలో ఏనాడూ తప్పలేదు.

కాన్పు తేలిగ్గా జరగలేదు. బిడ్డ బయటపడ్డాక రక్తం ఆగలేదు. మంచం చుట్టూ ఒక్కసారిగా అందరి నడకా పరుగైంది. ఊరూ పేరూ తెలియని మనిషెవరో ఇచ్చిన రక్తం ఎక్కించి ఆమెను బతికించారు. ఆ మనిషెవరో తెలియదు గనుక దేవుడికి పెట్టే దణ్ణంలోనే ఆ మనిషికి కూడా రోజూ సగం పంచేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పింది.

"బిడ్డ నడక నేర్చి మాటలు నేర్చేదాకా మళ్ళీ కడుపు రాకూడదమ్మా. ఇంత తొందరగా వస్తే ఈసారి నేను నిన్ను ఇంటికి పంపగలనని మాటివ్వలేను. లూప్ వేయించుకో. అందులో రెండు రకాలున్నాయి, ఏది వేయించుకుంటావో ఆలోచించుకుని రా."

ఆమె భర్త లారీ నడుపుతాడు. వెళితే రోజుల తరబడి రాడు. వస్తే ఇల్లంతా నవ్వులే. ఫోనులో ఈ సంగతి విని ముందు పసిదాని గురించి అడిగాడు. తర్వాత, "నేను వచ్చినా లారీలోనే పడుకుంటాలే. నాకు అలవాటేగా" అన్నాడు. నవ్వించాలని అన్నాడు గానీ తను నవ్వలేదు. ఈ శనివారం వస్తున్నాడు. లూపులు వేసే డాక్టరమ్మ ఆ ఆసుపత్రికి నెలకొకసారే వస్తుంది. ఈ గురువారం దాటితే మళ్ళీ వచ్చే నెలే.

ఏ లూప్ అన్నది ఆ ఇంట్లో ఎవరూ చర్చించకుండానే తేలిపోయింది. హార్మోను ఉన్నది వద్దు, రాగితో చేసిన కాపర్ టీ కావాలి. అందుకు కారణం ఆమె చెల్లెలు. చిన్నప్పటి నుంచీ నోరు మూతపడనిది కాబట్టి అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. రెండేళ్ళ కిందట పిల్లలు అప్పుడే వద్దనుకుని హార్మోను మాత్రలు వేసుకుంది. కొన్నాళ్ళకు మాట తగ్గింది. ఇంకొన్నాళ్ళకు అన్నం ముందు పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. గోడవైపు తిరిగి కూర్చునేది. మాత్రలు మానాక మెల్లగా మనిషి అయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో హార్మోను అన్న మాట ఎవరి నోటి నుంచీ వచ్చేది కాదు. అక్కకేమో రంగు కనిపెట్టే కన్నే బతుకు. తను కూడా చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని అలా గోడ చూస్తూ కూర్చుంటే దానికి దిక్కెవరు?

గురువారం పొద్దున అత్తగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆ మందు లూప్ వేస్తామంటే ఊఁ అనకు అమ్మాయ్. పాలెండిపోతాయట. పసిదానికి ఇంకేం పెడతాం?"

"కాపర్ టీనే అత్తయ్యా. మీకూ అదేగా వేశారు."

"వేశారు. నెలనెలా తడిసి ముద్దయ్యేదాన్ని. మంచం దిగితే కళ్ళు తిరిగేవి. అయినా బతకలేదా?" అని, తన మాట తనకే నచ్చనట్టు ఆగింది. "నువ్వేమిటి, రెండు మెట్లెక్కి అంత ఆయాసపడుతున్నావు?"

"చంటిది పడుకోనిస్తే కదా. నిద్ర చాలక. నా రక్తానికేం, పొద్దున కూడా చూసుకున్నా. నాలుగో పోగు."

అత్తగారికి ఆ పోగుల లెక్క అర్థం కాదు. అర్థం కానిదాన్ని ఎదిరించడం ఆవిడ స్వభావం కాదు. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా, మెత్తని పాత చీర ముక్కలు నాలుగు మడతపెట్టి సంచిలో పెట్టింది. "అక్కడ ఎవరినీ అడగాల్సిన పని లేకుండా" అంది.

నాలుగో పోగు మీద ఆమెకు ఎంత నమ్మకమంటే, ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఐరన్ మాత్రలు కూడా కొన్నాళ్ళకే మానేసింది. అవి వేసుకుంటే కడుపు బిగుసుకుపోతోంది. కన్ను ఎర్రగా ఉన్నాక ఈ బాధ ఎందుకని డబ్బా అల్మరా పైకి ఎక్కించింది.

పిచ్చుక వచ్చి చంటిదాన్ని ఎత్తుకుంది. ఇద్దరూ బస్సెక్కి ఆసుపత్రి చేరారు. వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. బాలింత నిలబడి ఉండటం చూసి, నెలలు నిండిన ఒకామె తన బరువు తనే మోయలేకపోతూ కూడా పక్కకు జరిగి చోటిచ్చింది. "మనం ఇద్దరమే అనుకోకండి, ముగ్గురం కూర్చున్నాం ఇక్కడ" అని పొట్ట తట్టుకుని నవ్వింది. అలాంటివాళ్ళ వల్లే ఆసుపత్రి వరండాలు కూర్చోదగ్గ చోట్లవుతాయి.

పిలుపు రాగానే ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. ముందు నర్సు మాట్లాడుతుంది, ఆ తర్వాత పక్క గదిలో డాక్టరమ్మ. నర్సు నడివయసు మనిషి. గొంతు పెంచని రకం.

"ఏది అనుకున్నారమ్మా?"

"కాపర్ టీ సిస్టర్. హార్మోను లేనిది."

"సరే. కడుపు రాకముందు నెలసరి ఎలా ఉండేది?"

"ఎక్కువే. మొదటి రెండు రోజులూ షెడ్డులో స్టూలు మీద నుంచి లేవాలంటే మరక పడిందేమోనని వెనక్కి చూసుకుని లేచేదాన్ని."

నర్సు ఇంకేమీ అడగకుండా ఆమె చెయ్యి తీసుకుని గోళ్ళు చూసింది. "ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా?"

"మానేశాను. అవసరం లేదు. రక్తం బాగానే ఉంది."

"ఎవరు చెప్పారు?"

ఆమె సంచిలోంచి కుచ్చు తీసి, ఏ పోగు ఏమిటో, రోజూ ఎలా చూసుకుంటుందో చెప్పింది. నర్సు నవ్వలేదు. పోగులను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఎంత ఓపికగా చేశారమ్మా. ఏదీ, వేలు ఇటివ్వండి."

సూది గుచ్చింది. చుక్క మిషనులో పెట్టింది. ఇద్దరూ ఆ చిన్న తెర వంక చూస్తూ కూర్చున్నారు.

"హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర" అంది నర్సు. "పదకొండు దాటాలి."

"మీ మిషను తప్పు."

ఆ మాట అన్నాక ఆమెకే సిగ్గేసింది. నర్సు మాత్రం నొచ్చుకోలేదు. ఇంకో వేలు పట్టుకుని, ఇంకో చుక్క తీసింది. మళ్ళీ ఎనిమిదిన్నరే.

ఆమె లేచింది. సొరుగులోంచి నర్సు తీసిచ్చిన చేతి అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. బయట ఎండ తెల్లగా, దాపరికం లేకుండా ఉంది. కనురెప్ప లాగి, కుచ్చు పక్కన పెట్టింది. నాలుగో పోగు కంటికి ఎక్కడా అతకలేదు. మూడోదీ కాదు. రెండోదానికీ మొదటిదానికీ నడుమ, కడిగి కడిగి వెలిసిన గుడ్డలా ఉంది లోపల.

ఆమె అద్దం దించి, తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంది. బిడ్డ పుట్టకముందు ఆమె ఈ పని వంటింటి కిటికీ దగ్గర చేసేది. చంటిది వచ్చాక తెల్లవారకముందే లేవాల్సి వచ్చి, స్నానాల గదిలో అద్దం ముందు చేస్తోంది. తెల్ల లైటు పసిదాని కళ్ళకు గుచ్చుకుంటుందని వాళ్ళాయన ఆ గదిలో పసుపు బల్బు పెట్టి వెళ్ళాడు. పసుపు వెలుగులో ఎరుపుల మధ్య తేడా చెరిగిపోయి, పాలిపోయిన గులాబీ కూడా పండు ఎరుపుకు సరిపోయినట్టే కనిపిస్తుంది. షెడ్డులో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం అది. ఇన్నాళ్ళూ పరాయి నూలుకు చేయని పొరపాటు ఆమె తన రక్తానికి చేసింది.

"దీపం కింద చూశాను సిస్టర్" అంది. కుచ్చును సంచిలో పెట్టేసుకుంది.

నర్సు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తర్వాత చెప్పింది. "కాపర్ టీ చెడ్డది కాదమ్మా. ఎంతోమందికి నా చేతుల మీదుగానే వేశారు, హాయిగా ఉన్నారు. కానీ అది వేస్తే నెలసరి ఎక్కువవచ్చు, నొప్పీ పెరగొచ్చు, ముఖ్యంగా మొదటి కొన్ని నెలలు. మీకు ముందే ఎక్కువ. చేతిలో ఉన్నది ఎనిమిదిన్నర. మీరు నా తోబుట్టువైతే హార్మోను లూప్ వేయించుకోమంటాను. దానివల్ల రక్తం పోవడం తగ్గుతుంది, కొందరికి నెలసరి ఆగిపోతుంది కూడా. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపించి విసిగిస్తుంది, అది తప్పదు. ఏది వేయించుకున్నా ఐరన్ మాత్రలు మాత్రం వేసుకోవాలి. కడుపు బిగుసుకుంటే చెప్పండి, వేరేవి ఇస్తాం."

"పాలు?"

"తగ్గవు. పాలిచ్చే తల్లులకు వేస్తున్నదే."

"మనసు?"

నర్సు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ తడబాటు వల్లే ఆ తర్వాతి మాట మీద ఆమెకు నమ్మకం కుదిరింది. "అందులో మందు చాలా తక్కువ, ఎక్కువ పని గర్భసంచిలోనే చేస్తుంది. చాలామందికి ఏమీ కాదు. కొద్దిమంది దిగులుగా ఉందని వచ్చారు. మీకు రాదని నేను ఒట్టు వేయలేను. వస్తే మాత్రం ఓర్చుకుని కూర్చోవద్దు, రండి, తీసేస్తాం. తీయడం పెద్ద పనేం కాదు. లేదు, కాపర్ టీనే కావాలంటే అదే వేస్తాం. శరీరం మీది. ఆలోచించుకోండి. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా ఉంటుంది."

ఒకవైపు రక్తం, ఒకవైపు మనసు. రెండూ కాదని ఇంటికి పోతే శనివారం ఆయన వస్తాడు. కండోము వాడుతూ వచ్చే నెల దాకా నెట్టొచ్చనీ నర్సు చెప్పింది. కానీ ఒక్క పొరపాటుకు కూడా చోటు లేని ఆటలో దేన్ని నమ్ముకోవాలో ఆమెకు పాలుపోలేదు. ఇందాక తన కన్నునే తను నమ్మి మోసపోయి వచ్చిన మనిషి. "నువ్వే దారి చూపాలి తండ్రీ" అని లోపలే అనుకుని వరండాలోకి వచ్చింది.

పిచ్చుక చంటిదాన్ని భుజం మీద వేసుకుని, తనకు తోచిన పాటేదో కూనిరాగం తీస్తోంది. అక్కను చూసి ఆపింది.

"అయిపోయిందా?"

"లేదే. నాలో రక్తం లేదట. హార్మోనుది వేయించుకుంటే మేలంటున్నారు."

పిచ్చుక చంటిదాని వీపు నిమరడం మానలేదు. కళ్ళు మాత్రం నేల చూశాయి. "నన్ను చూసే కదక్కా కాపర్ టీ అనుకున్నావు."

"ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? నేను గడప తొక్కగానే మీ ఇంట్లో మాటలు ఆగిపోతాయి. మీ అత్తగారైతే నాకు కాఫీ ఇచ్చి, తాగేదాకా మొహంలోకే చూస్తుంది, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడినట్టు."

ఆమెకు ఆ గాభరాలోనూ నవ్వొచ్చింది. చెల్లెలికీ వచ్చింది. చోటిచ్చిన నిండు నెలల ఆమె ఎటో చూస్తూ, విననట్టు కూర్చుని, ఆ కాస్త మర్యాదా చేసింది.

"నిజం చెప్పవే" అంది అక్క. "ఆ మాత్రల వల్లేనా నీకు అలా అయింది?"

"ఏమో. అవి మానాక బాగైంది, అంత వరకే తెలుసు. అందరికీ అలా కాదని డాక్టర్లు నాకూ చెప్పారు." చంటిదాన్ని రెండో భుజానికి మార్చుకుంది. "దిగులు గురించి అంతగా భయపడకక్కా. నన్ను ముంచింది అది కాదు. దిగులుగా ఉన్నానని నాకు తెలియలేదు, అదీ. గోడ బాగానే ఉందనుకున్నాను. రోజూ అదే చూస్తున్నానుగా. మీరేమో నేను అలిగాననుకున్నారు. అమ్మ మా ఆయన్ని తిట్టింది. ఆయన నన్ను సినిమాకు తీసుకెళ్ళాడు. నీకేమైందే అని కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. అడిగి ఉంటే, ఏం లేదనేదాన్ని. రెండోసారి అడిగి ఉంటే ఏడ్చేదాన్నేమో."

ఆ ఒక్కరు అక్కగా తనే అయి ఉండాల్సింది. వారానికోసారి వెళ్ళి చూసి, "నీరసంగా ఉన్నట్టుందే" అని వచ్చేసేది. ఒకే రంగు చూసి చూసి మొద్దుబారిన కంటికి ఆ సంగతి తెలియదని మేస్త్రి చెప్పింది నూలు గురించే అనుకుంది ఇన్నాళ్ళూ.

చంటిది కదిలి ఏడుపు అందుకుంది. ఆమె అందుకుని పమిట చాటున పాలిచ్చింది. తాగడం అయ్యాక దాన్ని మళ్ళీ చెల్లెలి చేతుల్లో పెట్టి, సంచిలోంచి అత్తగారి చీర ముక్క ఒకటి తీసుకుని, ఆమె లోపలికి నడిచింది.

"హార్మోనుదే వేయండి సిస్టర్" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పక్క గదిలో డాక్టరమ్మ కడుపు పరీక్షించి, చేసే ప్రతి పనీ ముందు చెప్పి చేసింది. ఒకచోట గట్టిగా మెలిపెట్టినట్టయింది. ఆమె దేవుణ్ణి తలుచుకుందామనుకుంటే నర్సు చెయ్యి దొరికింది, దాన్నే పట్టుకుంది. "అంతే, అయిపోయింది" అనే మాట విన్నాక కూడా వదల్లేదు. నర్సు కూడా విడిపించుకోలేదు.

బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పొత్తికడుపులో సన్నని నొప్పి. ఆసుపత్రి మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. వేయించుకోవడం అయింది గానీ, భయం పోలేదు. అది ఇంటికి తనతోనే వస్తుందని ఆమెకు తెలుసు. ఇక దాన్ని ఒంటరిగా మోయకుండా ఉంటే చాలు.

"బస్సొస్తుందక్కా, పద" అంది పిచ్చుక.

"ఆగవే." సంచిలోంచి పిన్నీసు కుచ్చు తీసి చెల్లెలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇది నీ దగ్గర ఉంచుకో. నాకొక సాయం చెయ్యాలి. వారానికోసారి రా, పగలు రా. నన్ను గుమ్మం దగ్గర వెలుగులో నిలబెట్టి కన్ను లోపల చూడు, ఏ పోగో నువ్వే చెప్పు. అత్తయ్య కాఫీ ఇచ్చి నీ మొహం చూస్తే చూడనీ, నువ్వు నా మొహం చూడు. నీకు ఆ గోడ తెలుసు, మాకెవరికీ తెలియదు. నేను అటు తిరిగి కూర్చున్నట్టు నీకు అనిపిస్తే అడుగు. ఏం లేదే, నిద్ర చాలక అంటాను. నమ్మకు. రెండోసారి అడుగు. అప్పటికీ కాదంటే, చంటిదాన్ని ఒక చంకన, నన్ను ఒక చేత్తో పట్టుకుని, లాక్కొచ్చి ఆ సిస్టర్ ముందు కూర్చోబెట్టు. చేస్తావా, పిచ్చుకా?"